అవ్వ పంచిన పెట్టె

కువైట్‌లో, హవల్లీలో మేముంటున్న బిల్డింగును పడగొట్టబోతున్నారు. కింద గేటుకు అరబ్బీలో ఒక కాగితం అంటించి పోయారు. అందులో ఏముందని బిల్డింగు కాపలా చూసే హారిస్‌ను అడిగితే, ఆయన రెండు చేతులూ దులిపి "ఖలాస్" అన్నాడు. కాపలా కాసేవాడే అయిపోయిందన్నాక ఇంక మాకు అరబ్బీ చదవాల్సిన పనేముంది? మా ఆయన ఆ వారంలోనే ఇంకో గది చూసి వచ్చాడు. అందులో మంచం వేస్తే మనిషి పక్కకు తిరిగి నడవాలి. నా సామానుకు అక్కడ చోటు లేదు.

ఆ సామాను గురించి మా ఆయన్ను అడిగితే వెటకారంగా చెబుతాడు. సబ్హాన్ గోడౌన్ల నుంచి సరుకు తోలే హాఫ్‌లారీ ఆయనది. తుక్కు దింపడానికి అమ్ఘరా పాతసామాన్ల బజారుకు పోయినప్పుడల్లా నాకోసం ఏదో ఒక పాత వస్తువు ఏరుకొచ్చేదీ ఆయనే, మా గది అమ్ఘరా బ్రాంచి అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేదీ ఆయనే. మిగతావి నేను ఫ్రైడే మార్కెట్లో కొన్నవి. ముక్కు పొడుగున్న ఇత్తడి కాఫీ కూజా, గులాబీ పూల ఫ్లాస్కు, అంచు ఊడిన పింగాణీ పళ్ళేలు, నోరు పడిపోయిన రేడియో, ఎవరి పిల్లలదో పేరు గీకేసిన టిఫిన్ డబ్బా. ఒక స్కూల్లో ఆయాగా పనిచేసే మనిషికి ఇవన్నీ ఎందుకని అడిగినవాళ్ళకు నేను ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

కడపలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా పాప ఇప్పుడు వీటికి జాబితా తయారు చేస్తోంది. నేను ఫోన్లో ఒక్కొక్కటీ చూపిస్తుంటే అక్కడ తను ఫోటో తీసుకుని వివరాలు రాసుకుంటుంది.

"ఊరికే చూపిస్తే కాదుమా. ఇదేంది, యాడ దొరికింది, ఎవురిది, మూడూ చెప్పాల."

"ఎవురిదంటే? నాదే గదా."

"నీకంటే ముందర ఎవురిదిమా?"

"నాకేం తెలుసు పాపా. ఎవురో పారేసినారు, నేను తెచ్చుకున్యా."

పక్కన అన్నం తింటున్న మా ఆయన తల ఎత్తకుండానే, "రాసేది అయిపోతే చెప్పండి. ఒగ పెద్ద పెట్టె కట్టి కార్గోలో ఏసేస్తా. ఊర్లో మనింట్లో పెట్టుకోవచ్చు" అన్నాడు.

"పెట్టె వద్దు."

"అందురూ పంపినారు పెట్టెలు. ఇన్నేండ్లలో నువ్వొక్కదానివే పంపలా. ఈ ఒక్కసారి పంపితే ఏం పోతాది?"

నేను సంచీలోంచి తర్వాతి వస్తువు తీసి ఫోనుకు చూపించాను. నల్లటి అగాల్. ఇక్కడి మగవాళ్ళు తలగుడ్డ జారకుండా పైన పెట్టుకునే నల్ల తాడు చుట్ట. పాప దాన్ని చూసి, ఇదేం తాడుమా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు ఊర్లో ఇట్లాంటిది మొదటిసారి చూసినప్పుడు అందరం చుట్టకుదురనే అనుకున్నాం. ఎన్నో ఏళ్ళు దాని మీదే మా నీళ్ళకుండ కూర్చుంది.

మా ఊరు కడపకు ఎగువన, వాన కోసం మొగులు చూడ్డం తప్ప వేరే దిక్కు లేని మెట్టపొలాల మధ్య ఉండేది. మా నాయన నేను పాలు మరవకముందే పోయాడు. అమ్మ నన్ను తన తల్లి దగ్గర, అంటే మా అవ్వ దగ్గర వదిలి, కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళింది. సెలవు మీద వచ్చినప్పుడల్లా అమ్మ నాకు కొత్తమనిషిలా కనిపించేది. నేను అలవాటు పడి ఆమె ఒళ్ళో తల పెట్టుకునేసరికి సెలవు అయిపోయేది. అందుకే నాకు అమ్మ మొహం కంటే అమ్మ పంపిన పెట్టెలే బాగా గుర్తున్నాయి.

సెలవు మీద ఊళ్ళకొచ్చే మనుషుల చేత అమ్మ పెట్టెలు పంపేది. పొడుగాటి అట్టపెట్టె, చుట్టూ నైలాను తాడు, పైన ఎవరి చేతనో రాయించిన మా ఊరి పేరు. బస్సు టాపు మీది నుంచి దింపి, రోడ్డు నుంచి నెత్తిన మోసుకుని వస్తుంటే, వెనక మా పిల్లల గుంపు. పెట్టె ఇంట్లోకి పోకూడదు. అరుగు మీదే, వీధి వీధంతా చూస్తుండగా ఇప్పాలి. అందులోవి చీకటి పడకముందే నలుగురికీ పంచాలి. ఇవన్నీ అవ్వ పెట్టిన నియమాలు.

"పంచకుండా ఇంట్లో దాపెట్టుకుంటే పంపినోళ్ళకు దిష్టి. పంచింది ఎనక్కి తీస్కుంటే పంపినోళ్ళకే చేటు" అనేది అవ్వ.

ఈ శాస్త్రం ఎక్కడిదని ఆమెను ఎవరూ అడగలేదు. మా తాతల కాలంలో కువైట్ పెట్టెలే లేవు కాబట్టి అవ్వే పుట్టించి ఉంటుంది. కానీ ఆమె చెప్పే తీరు చూస్తే ఏ కాలం నుంచో వస్తున్న ఆచారమనిపించేది. మా వీధిలో మరి కొన్ని ఇళ్ళ ఆడవాళ్ళు కూడా కువైట్ పోయాక, ఆ ఇళ్ళలోనూ పెట్టెలు ఇట్లాగే ఇప్పడం మొదలుపెట్టారు.

తాడు కోసి అట్ట తెరవగానే ఒక వాసన గుప్పుమనేది. సబ్బు, అత్తరు, కలరా ఉండలు, ఖర్జూరం అన్నీ కలిసిన వాసన. మేము దాన్ని కువైట్ వాసన అనేవాళ్ళం. ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా నాకు ఆ వాసన ఎక్కడా తగల్లేదు. ఇక్కడ మా వీధిలో ఉండేవి డీజిలు వాసన, ఎండకు కాలిన సిమెంటు వాసన, పక్క ఫ్లాటులో వేయించే చేపల వాసన.

పెట్టెలో వచ్చేవాటిలో సగం వాడినవే. అక్కడి పద్ధతిలో అమ్మ మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు వద్దనుకున్న గౌన్లు, ఆ పిల్లలు ఆడి పారేసిన బొమ్మలు, అడుగున కాస్త మిగిలిన అత్తరు సీసాలు. వాడినవని మాకేం చిన్నతనం లేదు. ఏది ఎందుకు వాడతారో తెలియకపోవడమే మా కష్టం. కాఫీ కూజాతో అవ్వ లాంతర్లో కిరసనాయిలు పోసేది. గదుల్లో కొట్టే వాసన స్ప్రేను మా వీధి పెళ్ళికొడుకు ఒంటి నిండా కొట్టుకుని పీటల మీద దగ్గుతూ కూర్చున్నాడు. ధూపం వేసుకునే ఊదు చెక్కలను చూసి నల్లబెల్లం అనుకుని నేను దొంగతనంగా నోట్లో వేసుకున్నాను. సాయంత్రం దాకా నేను నోరు తెరిస్తే సాంబ్రాణి వాసనే.

పెద్దవాళ్ళు అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తూ కువైట్ గురించి మాట్లాడుకునేవాళ్ళు. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, కానీ అందరికీ అన్నీ తెలుసు.

"ఆడ నేలలో నుంచి నూనె ఉబుకుతాదంట. కూరలోకి పనికొస్తాదా అది?" అని ఒక పెద్దాయన అడిగేవాడు.

"పనికిరాకుంటే అంతమంది ఎందుకు పోతారు మామా" అని అవ్వ తేల్చేసేది.

ఆ ఏడు చెనిక్కాయ పెరికే కాలం. ఊరంతా తడి ఎర్రమట్టి వాసన, పచ్చికాయలు ఉడకేసిన వాసన. మధ్యాహ్నం పక్క పల్లె మనిషి ఒకాయన నెత్తిన పెట్టెతో మా సందులోకి వచ్చాడు. కువైట్‌లో అమ్మ ఉండే వీధిలోనే ఆయన డ్రైవరట. పెట్టె అరుగు మీద దింపి, తలకు చుట్టుకున్న తుండుతో మొహం తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నాడో.

"నా బిడ్డ ఎట్లుండాది నాయనా?" అని అవ్వ అడిగింది.

"ముందర నీళ్ళియ్యవ్వా" అన్నాడు.

అవ్వ నీళ్ళకు బదులు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఈలోగా పొలాల నుంచి ఆడవాళ్ళు మట్టి చేతులతోనే వచ్చేశారు. ఎదురింటి పెద్దమ్మ అందరికంటే ముందు కూర్చుంది. ఆమె అమ్మకంటే పెద్దది, అవ్వను చిన్నమ్మా అని పిలిచేది, మా ఇంట్లో ఏది జరిగినా ఆమె ఉండాల్సిందే. పెట్టె తెచ్చినాయన వాకిట్లో మంచం మీద కూర్చుని, మజ్జిగ చెంబు రెండు చేతుల్తో పట్టుకుని, "అవ్వా, ఒగ మాట" అన్నాడు. "మాటలు తర్వాత నాయనా, పొద్దు పోతాంది" అని అవ్వ కొడవలితో తాడు కోసేసింది.

ఆ పెట్టెలో కువైట్ వాసన లేదు. కొబ్బరినూనె వాసన వచ్చింది. ఖర్జూరాలు లేవు, పాలపొడి డబ్బా లేదు. నాకోసం గౌను ఉంటుందని నేను మెడ సాచి చూస్తున్నాను. పైన ఒక దుప్పటి. దాని కింద మడిచిన చీరలు, నైటీలు. రబ్బరు చెప్పులు, ఒక స్టీలు గ్లాసు, ఒక పళ్ళెం, సగం ఉన్న నూనె సీసా. చీరలు కూడా వాడినవే.

"ఈసారి బరువు లేకుండా పంపిచ్చింది" అంది అవ్వ. ఆ గొంతులో చిన్నపాటి నిష్ఠూరం. కానీ నియమం నియమమే. దుప్పటి వీధి చివరి ముసలామెకు పోయింది. చెప్పులు ఎవరి కాళ్ళకు సరిపోతాయో తొడిగించి చూసి ఇచ్చింది. నీలం మీద తెల్ల చుక్కల చీర ఎదురింటి పెద్దమ్మ ఒళ్ళో వేసింది. ఒక దువ్వెన తీసింది. దాని పళ్ళలో పొడుగాటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. అవ్వ వాటిని లాగి, వేలికి చుట్టి, తన వెంట్రుకలు దోపుకునే చూరు సందులోనే దోపింది. వెంట్రుకలు కొనేవాడు వస్తే పిన్నీసులు ఇస్తాడు కదా, ఆ అలవాటు. దువ్వెన పక్కింటి పిల్లకు ఇచ్చింది.

తర్వాత ఆమె చేతికి ఒక ఫోటో తగిలింది. నాదే. బడిలో చేర్పించినప్పుడు టౌనులో తీయించి అమ్మకు పంపిన ఫోటో. మూలలు మెత్తబడి, వెనకవైపు జిగురు మరకలున్నాయి. గోడకు అంటించుకున్నట్టుంది.

"నీ ఫోటో ఎందుకే ఎనక్కి పంపింది?" అని అవ్వ నన్ను అడిగింది.

నాకేం తెలుసు. నేను ఫోటో చూస్తున్నాను. పెద్దమ్మ తలతిప్పి మంచం మీది మనిషిని చూసింది. ఆయన మజ్జిగ ఒక్క గుక్క కూడా తాగలేదు. చెంబు మెల్లగా కింద పెట్టి, "నేను పోవాలవ్వా" అని లేచి, ఎవరి మొహమూ చూడకుండా సందు దాటి వెళ్ళిపోయాడు. ఆయన వెనకాలే పెద్దమ్మ లేచి పోయింది.

అవ్వ ఫోటోను వక్కాకు సంచిలో పెట్టుకుంది. మిగిలిన సామాను గబగబా పంచడం మొదలుపెట్టింది. ఎవరికేది అని చూసుకోవడం లేదు, అందినవాళ్ళ చేతుల్లో పెట్టేస్తోంది. పళ్ళెం ఒకరికి, గ్లాసు ఇంకొకరికి. చివరికి సబ్బు డబ్బా ఒక్కటే మిగిలితే నా చేతిలో పెట్టి, ఖాళీ అట్టపెట్టెను తిరగేసి దులిపింది. ఫోటో చూసిన క్షణానే అవ్వకు అర్థమైపోయిందని నేనిప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం ఆమె తొందర చూసి, పొద్దు పోతున్నందుకే అనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు పెద్దమ్మ తిరిగొచ్చింది. మా గుమ్మంలోకి రాకుండా బయటే నిలబడింది. చుక్కల చీర ఆమె చేతుల్లో ఉంది. ఊరి బయట చెనిక్కాయ కుప్పల దగ్గర కూలబడి ఆ మనిషి ఆమెకు అంతా చెప్పాడట. అమ్మ రాత్రి బాగానే పడుకుందట. పొద్దున లేపితే లేవలేదట. గుండె ఆగిందని చెప్పారట. మనిషిని పంపాలంటే కాగితాలు కావాలి కాబట్టి, ముందుగా సామాను పంపి, మాటను ఆయన నోట పంపారు అక్కడి తోటి పనివాళ్ళు.

"చిన్నమ్మా, ఈ చీర తీస్కో" అంది పెద్దమ్మ.

"ఇచ్చినాను గదా. ఎందుకు తెచ్చినావు?"

"చిన్నమ్మా, అది పోయింది."

అవ్వ సంగటి గెలుకుతోంది. కట్టె ఆపలేదు.

"పెట్టెలోది ఎనక్కి తీస్కుంటే పంపినోళ్ళకు చేటు. నా బిడ్డ నీకని పంపిచ్చింది. కట్టుకో" అంది.

పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె వెనక దుప్పటి తీసుకున్న ముసలామె, చెప్పులు తీసుకున్నామె, దువ్వెన పట్టుకున్న పిల్ల, ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ మా అమ్మ సామాను. అవ్వ ఎవరి దగ్గరా ఏదీ తీసుకోలేదు. చూస్తుండగానే వాళ్ళంతా మళ్ళీ వాటిని పట్టుకుని ఇళ్ళకు పోయారు. నేను ఆ రోజు ఏడవలేదు. నాకు గౌను రాలేదన్న కోపమే ఇంకా తీరలేదు.

చాలా రోజులకు రెండో పెట్టె వచ్చింది. చెక్కతో చేసి, లోపల రేకు వేసి, మేకులు కొట్టినది. జీపులోంచి దింపి అరుగు మీదే పెట్టారు. వీధంతా వచ్చింది. ఎవరూ కొడవలి అడగలేదు. తెరవకూడదని వెంట వచ్చినవాళ్ళు చెప్పారు, తెరిచినా గుర్తుపట్టలేరని కూడా చెప్పారు. అవ్వ గడపలో నిలబడి చూసి, "ఇది నా బిడ్డ పంపిన పెట్టె గాదు" అని లోపలికి పోయింది. పొలం దాకా కూడా రాలేదు. మనుషులే తీసుకెళ్ళి పూడ్చిపెట్టి, ఆ దారినే బావి దగ్గర నీళ్ళు పోసుకుని వచ్చారు. మా అవ్వ తన కూతురు చచ్చిపోయిందన్న మాట ఆ తర్వాత ఒక్కసారి కూడా అనలేదు. రోడ్డు మీద బస్సు హారను వినిపిస్తే మాత్రం చేతిలో పని వదిలి వీధిలోకి వచ్చి చూసేది.

సబ్బు సంగతి చెప్పాలి. డబ్బా మూత తీస్తే అందులో సగం అరిగిన గులాబీ రంగు సబ్బు ఉంది. మధ్యలో ఒకవైపు చిన్న గుంట. రోజూ ఒకే చోట పట్టుకుని రుద్దితే బొటనవేలికి ఏర్పడే గుంట అది. నా వేలు అందులో పెడితే ఇంకా కొంచెం ఖాళీ మిగిలేది. మొదట్లో ఊరికే ఆడుకున్నాను. రెండో పెట్టె వచ్చి పోయిన తర్వాతే అది ఎవరి వేలో నాకు తెలిసింది. అప్పుడు సబ్బును గుడ్డలో చుట్టి చెనిక్కాయల బానలో దాచిపెట్టాను. అవ్వ వెతికి తీసి, వీపు మీద రెండు చరిచింది. "పంపిచ్చింది వాడుకోవాల. దాపెట్టేదానికి ఆమె ఏమన్నా పోయిందనుకున్యావా?" అంది. అప్పట్నుంచి తనే రోజూ నన్ను రాతి మీద కూర్చోబెట్టి, తల నుంచి కాళ్ళ దాకా ఆ సబ్బుతోనే రుద్దేది. గుంట లోతు తగ్గుతూ వచ్చింది. ఒకరోజు సబ్బు రెండు ముక్కలైంది. ఇంకొన్నాళ్ళకు అవ్వ అరచేతిలో చిన్న పొరలా మిగిలింది. దాన్ని కూడా నా మెడ కింద రుద్ది, నీళ్ళు కుమ్మరించింది. ఆ నీళ్ళు అరటిచెట్టు పాదులోకి పోతుంటే నేను గట్టిగా ఏడ్చాను. కళ్ళలో సబ్బు పడిందా అని అవ్వ అడిగింది.

వెంట్రుకలు కొనేవాడు కూడా ఎప్పుడో వచ్చి పోయాడు. చూరు సందు ఖాళీగా ఉంది, మా ఇంట్లో పిన్నీసులున్నాయి. నేను ఆలస్యంగా చూసుకున్నాను. వక్కాకు సంచిలోని ఫోటో సున్నం తిని, ఆకు రసం పట్టి, నా మొహం ఎక్కడుందో తెలియకుండా పోయింది.

మా వీధిలో నేను అమ్మను ముక్కలు ముక్కలుగా చూస్తూ పెరిగాను. బావి దగ్గర అమ్మ చెప్పులు నడిచి వచ్చేవి. దండెం మీద అమ్మ నైటీ ఆరుతుండేది. ఎవరింట్లోనో సంగటి ముద్ద అమ్మ పళ్ళెంలో పడేది. ఆ ఆడవాళ్ళను తప్పుపట్టలేను. వాడకపోతే అవ్వ ఊరుకోదు. "నా బిడ్డ పంపిచ్చిన చీర కట్టలేదేం మే? నచ్చలేదా?" అని ఎదురింటి పెద్దమ్మను నిలదీసేది. అందుకని ఆమె పండగలకూ, పెళ్ళిళ్ళకూ, అవ్వకు ఒంట్లో బాగాలేని రోజుల్లోనూ ఆ చుక్కల చీర కట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చునేది. నేను ఆమె వెనక చేరి కొంగు చివర పట్టుకునేదాన్ని. మొదట్లో కొబ్బరినూనె వాసన ఉండేది. రెండు మూడు ఉతుకులకు అది పోయి పెద్దమ్మ చెమట వాసన, పొగ వాసన వచ్చాయి. అయినా పట్టుకునేదాన్ని.

ఒకసారి చేను నుంచి వస్తూ అడిగేశాను.

"పెద్దమ్మా, ఆ చీర నాకిస్తావా?"

ఆమె నెత్తిమీది మోపు దింపి గట్టు మీద కూర్చుంది.

"నీదే పాప అది. నాదెట్లయితాది? మీ అవ్వ ఉన్నన్ని దినాలు ఇయ్యలేను. ఇస్తే ఆమె పానం నిలబడదు. ఆమె పోయినాక నీకే ఇస్తా, పో."

అవ్వ పోవాలని ఏ పిల్లా కోరుకోదు. నేనూ కోరుకోలేదు. కానీ ఆ చీర నాదవుతుందన్న మాట మాత్రం మనసులో పెట్టుకుని పెరిగాను. పెద్దమ్మ అది కట్టిన రోజున, ముల్లు తగిలి చిరుగుతుందేమో, పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడుతుందేమో అని నా కళ్ళు దాని మీదే ఉండేవి.

పెరిగి పెద్దయ్యాక నాకూ కువైట్ వీసా వచ్చింది. మా వైపు ఆడపిల్లకు అది తప్పించుకోలేని దారి. అవ్వ వద్దనలేదు. నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది.

"నువ్వు మాత్రం పెట్టె పంపగాకు. ఏం దొరికినా ఆన్నే పెట్టుకో. నువ్వొస్తే చాలు."

జీవితంలో ఆమె నన్ను కోరిన కోరిక అదొక్కటే. సరేనన్నాను. అందుకే మా గది ఇట్లా అయింది. కనిపించిన ప్రతి పాత వస్తువునూ, ఇది అవ్వకు, ఇది పెద్దమ్మకు, ఇది వీధి చివరి ముసలామెకు అనుకుంటూ కొన్నాను. వాళ్ళలో ఎవరూ లేరని తెలిసి కూడా కొన్నాను. పంపకుండా మంచం కింద పెట్టుకున్నాను.

ఇదంతా పాపకు చెప్పేసరికి తను రాయడం ఆపేసింది. మా ఆయన తిన్న పళ్ళెం ముందు అట్లాగే కూర్చున్నాడు. కార్గో మాట మళ్ళీ ఎత్తలేదు. సామాను అమ్ఘరాకే పోతుంది, వచ్చే శుక్రవారం ఆయన బండిలోనే. ఫోటోలు పాప దగ్గర ఉంటాయి, చాలు.

"అయితే ఇంత సామానులో మీ అమ్మది ఒక్కటి గూడా లేదామా?" అని పాప అడిగింది.

"లేదు."

"ఆ చీర?"

కువైట్ టికెట్ ఇంకా నా చేతికి రాకముందే అవ్వ పోయింది. పెద్ద జబ్బేమీ లేదు, మధ్యాహ్నం పడుకుని లేవలేదు. అరుగు మీద పడుకోబెట్టారు. మా వైపు పద్ధతి ప్రకారం చుట్టాలంతా తలా ఒక కొత్తగుడ్డ తెచ్చి కప్పుతున్నారు. నేను అవ్వ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అప్పుడు ఎదురింటి తలుపు తెరిచి పెద్దమ్మ బయటికొచ్చింది. మడతపెట్టిన చుక్కల చీర ఆమె రెండు చేతుల మీద ఉంది. నీలం వెలిసిపోయింది, అంచుకు అక్కడక్కడా కుట్లు పడ్డాయి. నాకోసమే తెస్తోందనుకున్నాను. ఆ ఏడుపులో కూడా నాకు సంతోషం వేసింది. లేచి నిలబడి చేతులు చాపాను.

ఆమె నన్ను చూడలేదు. నన్ను దాటుకుని పోయి, అవ్వ పక్కన వంగి, మడతలు విప్పి, ఆ కొత్తగుడ్డలన్నిటి మీదా మెడ నుంచి కాళ్ళ దాకా ఆ చీర పరిచింది. కట్టిన చీర కప్పకూడదని ఎవరో అనబోయి ఊరుకున్నారు.

"ఇప్పుడు ఒద్దనలేవు గదా చిన్నమ్మా. నీ బిడ్డది నువ్వే తీస్కపో" అంది.

అవ్వ వద్దనలేదు. గాలికి చీర ఒకవైపు లేస్తోంది. నేను చాపిన చేతులతోనే వంగి, ఆ అంచును అవ్వ కాళ్ళ కిందికి దోపాను.